గుమ్మం దాటని చెత్త

ఇంటి చెత్త అనగానే కళ్ల ముందు మెదిలేది ప్లాస్టిక్ కవర్లే. కానీ మన ఇళ్ల నుంచి రోజూ బయటికి పోయే చెత్తను తూకం వేస్తే, అందులో సగమో, అంతకన్నా ఎక్కువో తిండికి సంబంధించిందే ఉంటుంది. కూరగాయల తొక్కలు, ముదిరిన తోటకూర కాడలు, టీపొడి పిప్పి, అరటి తొక్కలు, మిగిలిపోయిన అన్నం, పూజ చేసి తీసేసిన పూలు. ఇదంతా మట్టిలోంచి వచ్చింది, తిరిగి మట్టిలో కలిసిపోగలిగింది. దాన్ని కవర్లో మూటకట్టి, ఆటో ఎక్కించి, లారీలో ఊరి బయటికి మోయించి గుట్ట పోస్తున్నాం. గాలి ఆడని ఆ గుట్టలో అది కుళ్లి మీథేన్ వాయువును వదులుతుంది. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే మీథేన్ వందేళ్ల లెక్కలో దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇంకోపక్క, గత పది పదిహేనేళ్లుగా తెలుగు పట్టణాల్లో డాబాలు పచ్చబడుతున్నాయి. మిద్దెతోట అన్న మాట ఇప్పుడు ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. అయితే తడి చెత్త వేరు చేయమనే ప్రచారం ఒక దారిన, ఇంటి తోట పెంచమనే ప్రచారం ఇంకో దారిన నడుస్తున్నాయి. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకదాన్నొకటి కలుసుకోవడం లేదు. పైన డాబా మీద వంకాయలు కాస్తుంటాయి. కింద వంటింటి తొక్కలు చెత్త ఆటోలోకి పోతుంటాయి. ఆ వంకాయ మొక్కకు వేసిన వర్మీకంపోస్టు మాత్రం బజారు నుంచి ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. ఇంటి తోట పర్యావరణానికి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఈ ఎడబాటులోనే ఉందని నా నమ్మకం. తోటను అది కాసిన కాయలతో కాక, అది తినేసిన చెత్తతో కొలవాలి.

మన ఊళ్లలో ఈ రెండు పనులూ ఎప్పుడూ విడిగా లేవు. పెరట్లో బావి గట్టు పక్కన అరటి, కంద ఉండేవి. అంట్లు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు వాటికే చేరేవి. దొడ్డి గోడ మీదికి సొర, బీర, కాకర పాకేవి. పొయ్యిలో బూడిద, పశువుల కొట్టం ఊడ్చిన చెత్త, పేడ, కూరల తుక్కు అంతా పెంటపోగుకు వెళ్లేది. ఎండాకాలం చివర్న, ఏరువాకకు ముందు, ఆ పెంటను బండ్లకెత్తి చేలోకి తోలేవాళ్లు. ముదరబెట్టిన బీరకాయ, సొరకాయ చూరుకు వేలాడుతూ వచ్చే ఏటి విత్తనం అయ్యేది. చెత్త అని పారేయడానికి ఆ ఇంట్లో మిగిలేది చాలా తక్కువ. ఆ రోజుల్ని బంగారు కాలమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పేడ ఎత్తడం, నీళ్లు మోయడం అనే చాకిరీ అంతా ఆడవాళ్ల మీదా, పాలేళ్ల మీదా పడేది. కానీ వంటిల్లు, పెరడు, చేను ఒకే వలయంలో ఉండేవి. పెరడు పోయి ఫ్లాట్ వచ్చింది, కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది, పశువు ఊరి నుంచే మాయమైంది. వలయం తెగిన చోట చెత్త పుట్టింది.

ప్రభుత్వాలు ఈ చెత్తను పట్టించుకోవడం కూడా కోర్టుల ఒత్తిడితోనే మొదలైంది. బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో మునిసిపల్ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో కొత్త నియమాలు వచ్చి తడి చెత్త, పొడి చెత్త, ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలు అని మూడుగా విడదీయడం ప్రతి ఇంటి బాధ్యత అన్నాయి. ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు, సంస్థలు తమ తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో, గ్యాసుగానో మార్చుకోవాలని కూడా చెప్పాయి. హైదరాబాద్‌లో 2015లో ఇంటికి రెండు చొప్పున ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఎరుపు డబ్బా కూడా చేరింది. దాంతోపాటు నెలనెలా కట్టే రుసుమూ వచ్చింది. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

డబ్బాలు పంచారు. కానీ డబ్బాలో ఏముందో చూసే మనిషిని పెట్టలేదు. ఇంట్లో వేరు చేసిన చెత్త ఆటోలో కలిసిపోవడం కళ్లారా చూసిన గృహిణికి మర్నాటి నుంచి వేరు చేయాలని ఎందుకనిపిస్తుంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో 2020-21లో దేశంలో రోజుకు దాదాపు 1.6 లక్షల టన్నుల చెత్త పుట్టింది. అందులో శుద్ధి అయింది సగమే. మిగిలింది ఎక్కడికి పోతుందో జవహర్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లను అడిగితే చెబుతారు. హైదరాబాద్ చెత్త చేరే ఆ గుట్ట నుంచి దిగిన ఊటనీరు మల్కారం చెరువును నల్లగా మార్చేసింది. పాత గుట్టను మట్టితో కప్పారు, పక్కనే చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. విశాఖలో, గుంటూరు దగ్గర కూడా అలాంటి ప్లాంట్లు వచ్చాయి. వాటికి కావలసింది మండే చెత్త. తడి తొక్కలు కలిసిన చెత్త సరిగా మండదు. అంటే ఖరీదైన ఈ ప్లాంట్లు బాగా నడవాలన్నా ముందు మన వంటింట్లో తడీ పొడీ విడిపోవాల్సిందే.

కలిసిపోయిన చెత్త నుంచి తీసిన ఎరువుదీ ఇదే కథ. 2016లో కేంద్రం నగర కంపోస్టును ప్రోత్సహించడానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అయినా రైతులు ముందుకు రాలేదు. గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు, బ్యాటరీల నుంచి వచ్చే సీసం, కాడ్మియం లాంటి లోహాలు చేరే అవకాశమున్న ఎరువును తన పొలంలో ఎవరు చల్లుకుంటారు? ఇంట్లో వేరుగా ఉన్న తొక్కలతో చేసిన ఎరువుకు ఈ దోషాలు అంటవు. చెత్త శుద్ధమైనది అనగలిగేది అది పుట్టిన మొదటి గంటలోనే. ఆ తర్వాత దాన్ని ఎన్ని యంత్రాల్లో వేసినా ఆ శుద్ధి తిరిగి రాదు.

వేరు చేయడం మన జనానికి అలవాటు కాదు అనే మాట తరచుగా వింటుంటాం. దానికి జవాబు సూర్యాపేటలో ఎప్పుడో దొరికింది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో, స్వచ్ఛ భారత్ పేరే లేని రోజుల్లో, ఖాదర్ సాహెబ్ కమిషనర్‌గా ఉండగా ఆ పట్టణం వీధి కుండీలు తీసేసి ఇంటింటికీ ట్రాక్టరు పంపింది. తడి వేరు, పొడి వేరు. తడి చెత్త వానపాముల ఎరువు అయింది, పొడి చెత్త అమ్ముడైంది. దేశంలోని మునిసిపల్ అధికారులు అక్కడికి చూడ్డానికి వచ్చేవారు. పెద్ద బడ్జెట్టు గల నగరం కాదు అది, జాతీయ రహదారి మీది మామూలు పట్టణం. అలాంటి చోట సాధ్యమైన పని పెద్ద నగరాల్లో ఎందుకు నిలబడలేదంటే, నా అంచనా ఒకటే: సూర్యాపేటలో అది రోజూ చూసుకోవాల్సిన పని, మిగతా చోట్ల అది ప్రారంభోత్సవం.

కేరళలోని అలప్పుళ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. నగరం చెత్త తెచ్చి పోసే సర్వోదయపురం గ్రామస్థులు ఇక లారీలు రానివ్వమని అడ్డం తిరిగారు. చెత్త వీధుల్లో పేరుకుపోయింది. 2012లో అక్కడి ఎమ్మెల్యే థామస్ ఐజాక్ చొరవతో నగరపాలన తన ఆలోచన మార్చుకుంది. చెత్తను ఎక్కడికి తోలాలి అన్న ప్రశ్న వదిలేసి, ఎక్కడ పుట్టిందో అక్కడే ఎలా కరిగించాలి అని అడిగింది. సబ్సిడీ మీద ఇళ్లకు పైపు కంపోస్టులు, చిన్న బయోగ్యాస్ ప్లాంట్లు ఇచ్చారు. స్థలం లేని వాళ్ల కోసం వీధుల్లో గాలి ఆడే కంపోస్టు తొట్లు కట్టారు. తుంబూర్‌ముళిలో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన ఆ తొట్లలో ఎండుటాకులు, పేడ, తడి చెత్త పొరలు పొరలుగా వేస్తారు. సుమారు మూడు నెలలకు ఎరువు సిద్ధం. 2017లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ చెత్త నిర్వహణలో మెచ్చుకున్న ఐదు నగరాల్లో ఒసాకా, పెనాంగ్ లాంటి వాటి సరసన అలప్పుళ నిలిచింది. అదే కేరళలో ఒకేచోట గుట్ట పోసే పద్ధతికి అంటిపెట్టుకున్న కొచ్చిలో 2023 మార్చిలో బ్రహ్మపురం గుట్ట అంటుకుని రోజుల తరబడి నగరాన్ని పొగతో ఉక్కిరిబిక్కిరి చేసింది. అవే చట్టాలు, అదే రాష్ట్రం, రెండు దారులు.

ఇక తోటల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలోనే ఉద్యాన శాఖ ‘మన ఇంటి కూరగాయలు’ పేరుతో సిల్పాలిన్ బెడ్లు, మట్టి మిశ్రమం, విత్తనాలు, పనిముట్లు కలిపి సగం ధరకు కిట్లు ఇచ్చింది. సాక్షి పత్రిక ‘ఇంటిపంట’ శీర్షిక నడిపింది. కథకుడిగా పేరున్న తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలోని తన ఇంటి మిద్దెను తోట చేసి, అందులో నేర్చుకున్నదంతా రాసి, మాట్లాడి, వేల మందిని ఈ దారిలోకి తెచ్చారు. ఫేస్‌బుక్, వాట్సాప్ బృందాల్లో విత్తనాలు, అంట్లు చేతులు మారుతున్నాయి. ఇది తెలుగువాళ్లు తమకు తాముగా నిర్మించుకున్న మంచి ఉద్యమం, సందేహం లేదు. పురుగుమందుల భయం దాన్ని నడిపించింది. కళ్ల ముందు పెరిగిన తోటకూరను నిశ్చింతగా పిల్లలకు పెట్టగలగడం చిన్న విషయం కాదు.

కానీ ఉద్యమం పెరిగేకొద్దీ దాని వెంట ఒక బజారూ పెరిగింది. గ్రో బ్యాగులు, రంగు కుండీలు, ఇటుకల్లా అచ్చుపోసిన కోకోపీట్, మూటల్లో వర్మీ, సీసాల్లో సముద్రపు నాచు ద్రావణం, ఇనుప స్టాండ్లు, షేడ్‌నెట్. మన ఎండకు చవక గ్రో బ్యాగు రెండు మూడేళ్లలోనే పొడిపొడిగా రాలడం మొదలుపెడుతుంది. ఆ ప్లాస్టిక్ పొడి చేరేది మనం శుభ్రంగా ఉంచుకోవాలనుకున్న మట్టిలోకే.

ఇక్కడ ఒక పరిశోధనను ప్రస్తావించాలి. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముందుండి చేసిన ఒక అధ్యయనం 2024 జనవరిలో ‘నేచర్ సిటీస్’ పత్రికలో వచ్చింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్ దేశాల్లో 73 నగర తోటల్ని పరిశీలించి, అక్కడ పండిన కూరగాయల వల్ల వెలువడే కర్బన వాయువులు మామూలు వ్యవసాయంలో కన్నా సగటున ఆరు రెట్లు ఎక్కువని తేల్చారు. చాలామంది దీన్ని తోటలకు వ్యతిరేకంగా చదివారు. కారణం చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఎక్కువ భారం వచ్చింది మొక్కల నుంచి కాదు, బెడ్లు, షెడ్లు, దారులు లాంటి కట్టడాల నుంచి. వాటిని కొన్నేళ్లు వాడి వదిలేయడమే అసలు సమస్య. కొన్ని తోటలు, కొన్ని పంటలు మామూలు సాగు కన్నా మెరుగ్గానే నిలిచాయి. గాజు ఇళ్లలో వేడి పెట్టి పెంచే టమాటాతో పోలిస్తే తోటలోని టమాటా నయం. పరిశోధకులు చెప్పిన దారి కూడా స్పష్టం: కట్టిన దాన్ని ఎక్కువ ఏళ్లు వాడాలి, నగరంలో వృథాగా పోయేదాన్ని తోటకు ముడిసరుకు చేయాలి. ఆ దేశాల వాతావరణం, కట్టడాలు మనవి కావు, ఆరు రెట్లు అనే అంకె మనకు వర్తిస్తుందని నేననను. కానీ ఆ తర్కం మన డాబాకీ వర్తిస్తుంది. పగిలిన సింకు, తుప్పు పట్టిన డ్రమ్ము, పాత పెయింటు డబ్బా, పాడైన ఫ్రిజ్ బాడీ తొట్టిగా మారిన తోట వేరు, అన్నీ కొని పేర్చిన తోట వేరు.

లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు కిలో తడి చెత్త వస్తుందనుకుందాం. ఏడాదికి 360 కిలోలు. కంపోస్టు అయ్యేసరికి నీరు, వాయువులు పోగా నాలుగో వంతో ఐదో వంతో మిగులుతుంది, అంటే 70 నుంచి 90 కిలోలు. చదరపు మీటరు మడికి పంటకు రెండు మూడు కిలోల చొప్పున ఏడాదికి మూడు పంటలకు వేస్తే, పది చదరపు మీటర్ల తోట ఆ ఎరువునంతా చక్కగా వాడుకుంటుంది. ఒక కుటుంబం చెత్త, ఓ చిన్న గది వైశాల్యం తోట: రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. కూరగాయల వైపు నుంచి లెక్క ఇంత బాగా కుదరదు. మనిషికి రోజుకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురికి ఏడాదికి దాదాపు 580 కిలోలు. ఆ పది చదరపు మీటర్లు అంత ఇవ్వవు. కూరగాయలు కొనే పనే లేదు అనే ప్రచారాన్ని నమ్మి మొదలుపెట్టినవాళ్లు రెండో వేసవికే కుండీలు బోర్లిస్తున్నది అందుకే.

అందుకే నా ఓటు ఆకుకూరలకు. తోటకూర నెల తిరగకుండా చేతికొస్తుంది. మెంతి, పాలకూర, గోంగూర, బచ్చలి, పుదీనా, ఒక కరివేపాకు చెట్టు, నాలుగు మిరప మొక్కలు, గోడకో పాదు. బజారులో కొన్న కట్టలో సగం వాడి, సగం ఫ్రిజ్‌లో కుళ్లబెట్టి పారేయడం అందరి ఇళ్లలోనూ జరిగేదే. మొక్కనుంచి పప్పుకు కావలసిన గుప్పెడు తుంచుకుంటే ఆ వృథా లేదు, దానికి చుట్టిన కవరూ లేదు. తోట చెత్తను తినడమే కాదు, పుట్టకుండా ఆపుతుంది కూడా. ఐక్యరాజ్య సమితి 2024 నివేదిక భారతీయుల ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతోందని అంచనా వేసింది. తొక్కను ఎరువు చేయడం మంచిదే. వండిన అన్నాన్ని ఎరువు చేయడం మాత్రం నష్టమే. ఒక కిలో బియ్యం వెనక కొన్ని వేల లీటర్ల నీళ్లు, ఒక రైతు కష్టం, కరెంటు, గ్యాస్ ఉంటాయి. కొలిచి వండటం కంపోస్టు కన్నా ముందు వరసలో నిలవాలి.

కంపోస్టు శాస్త్రం మనకు కొత్తదేమీ కాదు. ఆల్బర్ట్ హోవార్డ్ 1920లలో ఇండోర్‌లో మన రైతుల పద్ధతుల్ని గమనించి రూపొందించిన ‘ఇండోర్ పద్ధతి’ ప్రపంచమంతా పాకింది. దాని సారం ఇప్పటికీ అదే. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక ముప్పై పాళ్లు కర్బనం కావాలి. వంటింటి తొక్కల్లో నీరూ నత్రజనీ ఎక్కువ. ఎండుటాకుల్లో, రంపపు పొట్టులో, అట్టముక్కల్లో కర్బనం ఎక్కువ. కాబట్టి గంపెడు తొక్కలకు కనీసం అంతే గంపెడు ఎండు సరుకు పడాలి. కంపు కొడుతోందని, పురుగులొచ్చాయని ఈ పని మానేసినవాళ్లలో ఎక్కువమంది డబ్బాలో లోపించింది ఎండుటాకే. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి, వారానికి ఒకటి రెండుసార్లు కలియదిప్పడం, అడుగున, పక్కల చిల్లులు, మొదట్లో గుప్పెడు పాత ఎరువో, పుల్లటి మజ్జిగో, పేడనీళ్లో. ఇంతే సరంజామా. లావుగా, బూడిద రంగులో కనిపించే పురుగులు నల్ల సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలైతే భయపడక్కర్లేదు, అవి మన పనే చేస్తున్నాయి. ఉప్పూ నూనే ఉన్న కూరలు కొంచెమే వేయాలి, మాంసం, చేప తుక్కు మొదట్లో వద్దు. రెండు మూడు నెలలకు వానపడ్డ మట్టి వాసన వేస్తే ఎరువు మాగినట్టు. వానపాముల తొట్టి ఇంకా మేలైన ఎరువునిస్తుంది. కానీ మే నెల ఎండల్లో డాబా మీద వానపాముల్ని బతికించడం కష్టం, నీడా తడీ కుదిరితేనే దాని జోలికి వెళ్లాలి.

ఎండుటాకు దొరకదని చాలామంది అంటారు. శిశిరంలో మన వీధుల్లో వేప, కానుగ, బాదం, రావి ఆకులు గుట్టలుగా రాలుతాయి. వాటిని మూలకు ఊడ్చి నిప్పు పెడుతుంటారు. బహిరంగంగా చెత్త తగలబెట్టేవాళ్లకు 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది. ఎరువుకు ప్రాణం లాంటి ఆకును కాల్చి, ఆ పొగను మనమే పీల్చి, ఆపైన కోకోపీట్ ఇటుకలు కొనుక్కోవడం కన్నా బాధ కలిగించే దృశ్యం నాకు ఇంకోటి కనిపించదు. ఒక మూడు గోనెసంచుల ఆకు దాచుకుంటే కుటుంబానికి నెలల తరబడి సరిపోతుంది.

సులువు మార్గాల పేరుతో అమ్ముడయ్యేవాటి గురించి ఒక హెచ్చరిక. ఇరవై నాలుగు గంటల్లో ఎరువు అని అపార్ట్‌మెంట్లకు అంటగట్టే విద్యుత్ యంత్రాలు చాలావరకు చేసేది చెత్తను వేడిచేసి, ఆరబెట్టి, పొడి చేయడం. ఆ పొడి తడిస్తే మళ్లీ కుళ్లడం మొదలవుతుంది, మొక్క మొదట్లో వేస్తే వేరు మాడుతుంది. దాన్ని మరికొన్ని వారాలు మాగబెట్టాల్సిందే. అలాంటప్పుడు కరెంటు ఖర్చెందుకు? కంపోస్టబుల్ అని ముద్ర ఉన్న సంచులు కూడా చాలావరకు పెద్ద ప్లాంట్లలోని వేడికి కరిగేలా తయారైనవి, మన కుండలో నెలల తర్వాత కూడా అలాగే ఉంటాయి. పండ్ల తొక్కలు, బెల్లం, నీళ్లతో మూడు నెలలు పులియబెట్టే బయో ఎంజైములు ఇల్లు తుడవడానికి బాగానే పనికొస్తాయి. అవి నదుల్ని శుభ్రం చేస్తాయనే మాటలకు ఆధారం నాకు కనిపించలేదు. పైగా చెత్త వదిలించుకోవడానికి తినే బెల్లాన్ని పోయడం నాకు నచ్చదు.

తోట వల్ల వచ్చే చిక్కుల గురించి ఉత్సాహపరులు తక్కువ మాట్లాడతారు. మొదటిది బరువు. మనుషులు తిరిగే డాబాకు ఇంజినీర్లు చదరపు మీటరుకు 150 కిలోల చొప్పున భారం లెక్కకట్టే ఆనవాయితీ. అడుగు మందం మామూలు మట్టి వానకు నానితే అదే చదరపు మీటరులో 500 కిలోలు దాటుతుంది. అందుకే మట్టిని సగానికి తగ్గించి ఎరువు, కొబ్బరి పొట్టు కలపాలి, మడులు స్లాబు మధ్యలో కాక గోడల మీదా, దూలాల మీదా ఉండేలా పెట్టాలి, నీరు కారే దారి మూసుకుపోకుండా చూడాలి. పాత ఇల్లైతే ఇంజినీరును అడగకుండా మట్టి ఎక్కించకూడదు.

రెండోది నీళ్లు. నడి వేసవిలో చదరపు మీటరు మడి రోజుకు ఆరేడు లీటర్లు తాగుతుంది. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే కాలనీలో పెద్ద తోట పెంచడం పచ్చదనం అనిపించుకోదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయాలి, వేసవిలో తోటను సగానికి కుదించాలి, మిగిలిన మడుల మీద ఆకులు మందంగా కప్పాలి. ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో లవణాలు ఎక్కువ, రోజూ అవే పోస్తే మట్టి చెడుతుంది. మూడోది దోమలు. కుండీల కింది పళ్లాల్లో నిలిచిన నీళ్లలోనే డెంగీ దోమ పెరుగుతుంది. వారానికోసారి ఆ పళ్లాలు బోర్లించి ఎండనివ్వాలి. పేనుబంకకూ పిండినల్లికీ వేపనూనె, సబ్బునీళ్లు చాలు. కోతులకు మాత్రం వల తప్ప మందు లేదు. తెలంగాణ పట్టణాల్లో ఎందరో మిద్దెతోటలు వదిలేసింది వాటి ధాటికే. అడవిలో వాటి తిండి చెట్లు నరికిన ఫలితం మన డాబా దాకా వచ్చింది.

పొడి చెత్త విషయంలో తోట చేయగలిగింది తక్కువ. అక్కడ కొనేటప్పుడే ఆలోచించాలి. 2022 జులై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉంది, ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లకన్నా పలచని సంచులు కూడదు. బజారుకెళ్తే అవే కనిపిస్తాయి. పెళ్లిళ్లలో వాడే ప్లాస్టిక్ పూత కాగితం ప్లేటు కుళ్లదు, అమ్ముడూపోదు. సిద్దిపేట జిల్లా గ్రామాల్లో పెట్టిన స్టీల్ బ్యాంకులు దీనికి నేను చూసినవాటిలో మేలైన జవాబు. విందుకు కావలసిన కంచాలు, గ్లాసులు, గిన్నెలు మహిళా సంఘం దగ్గర అద్దెకు తెచ్చుకుని, కడిగి తిరిగి ఇస్తారు. సంఘానికి ఆదాయం, ఊరికి శుభ్రం. మోదుగ విస్తరి, అడ్డాకు విస్తరి కూడా ఇంకా బతికే ఉన్నాయి, అడవి అంచు కుటుంబాలకు అది జీవనాధారం. వాడిన విస్తరి కంపోస్టులో ఎండు సరుకే అవుతుంది. ఇక బిస్కెట్ రేపర్లు, షాంపూ సాచెట్ల బాధ్యత తయారీదారులదే. దాన్ని ఇంటి ఇల్లాలి మీదికి నెట్టకూడదు.

ఇల్లాలి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఇంటి తోట, కంపోస్టు గురించిన రాతల్లో ఎవరు చేస్తారన్న ప్రశ్న కనిపించదు. వేరు చేయడం, కలియదిప్పడం, నీళ్లు పోయడం అన్నీ ఇప్పటికే వంటింటి భారం మోస్తున్న ఆమె పనుల్లోకే చేరిపోతున్నాయి. ఆకుపచ్చ ఇల్లు అంటే ఆమె నిద్రలో ఇంకో అరగంట తగ్గడం కాకూడదు. డబ్బా కలియదిప్పడం మగవాళ్ల వంతు, ఆకు ఏరుకురావడం పిల్లల వంతు అని మొదటిరోజే పంచుకున్న ఇళ్లలోనే ఈ పని ఏళ్ల తరబడి సాగుతుంది. అలాగే చెత్త ఆటో కార్మికుల సంగతి. కుళ్లిన మూటలో చేతులు పెట్టి ప్లాస్టిక్ ఏరుకునే ఆ మనిషికి మనం చేయగలిగిన మొదటి మర్యాద తడి చెత్తను అందులో లేకుండా చేయడం.

మరి డాబా లేనివాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు? పట్టణాల్లో వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. వాళ్లకు బాల్కనీలో ఒక కుండ కంపోస్టు సాధ్యమే, కానీ ఆ ఎరువు వేయడానికి మొక్క కావాలి. యాభై ఫ్లాట్ల సముదాయంలో రోజుకు యాభై కిలోల తడి చెత్త వస్తుంది. నాలుగైదు గాలి ఆడే తొట్లు, ఒక మనిషికి జీతం, ఎండుటాకుల నిల్వ ఉంటే అంతా అక్కడే కరిగిపోతుంది, ఆవరణలోని చెట్లకూ కాలనీ పార్కుకూ ఎరువు అవుతుంది. కూరగాయల మార్కెట్ల స్థాయిలో ఏం చేయవచ్చో హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి మార్కెట్ చూపించింది. అక్కడ రోజుకు పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థాల నుంచి గ్యాసు, కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. అదే నగరంలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు తయారుచేసిన సాంకేతికత అది.

తమ ఆవరణలో వర్మీకంపోస్టు చేసుకునే ఇళ్లకు పుణే నగరపాలక సంస్థ ఆస్తిపన్నులో రాయితీ ఇస్తోంది. తెలుగు నగరాలు చెత్తకు పన్ను వేయడం, దాన్ని ఎత్తేయడం దగ్గరే ఆగిపోయాయి. చెత్త బయటికి పంపని ఇంటికి తగ్గింపు, పంపే ఇంటికి బరువును బట్టి రుసుము అనే మధ్యేమార్గం చర్చకే రాలేదు. ఒక్కో ఇంటి కిలో చెత్తను సేకరించి, మోసి, గుట్ట పోసి, మళ్లీ తవ్వి శుద్ధి చేయడానికి కార్పొరేషన్‌కు అయ్యే ఖర్చులో కొంత ఆ ఇంటికే వెనక్కి ఇస్తే పోయేదేమీ లేదు. వార్డుకో ఎండుటాకుల నిల్వ, పార్కులో ఒక వరస కంపోస్టు తొట్లు, తడి చెత్తకు విడిగా వచ్చే బండి: ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో ఓటు అడగడానికి గుమ్మం దాకా వచ్చే ప్రతి అభ్యర్థినీ ఈ మూడూ అడగాలి. అడిగే హక్కు మనకు పూర్తిగా రావాలంటే, ఆ రోజు మన గుమ్మం ముందు తడి చెత్త మూట ఉండకూడదు.